మెతక నారకు పరీక్ష

వదినలో తప్పులు వెతకడమే ఆడపడుచు ఉద్యోగమని లోకం అనుకుంటుంది. బుడ్డికి నిజంగానే ఆ ఉద్యోగం ఉంది, జీతంతో సహా. వదిన పొలంలో నార మొక్కలు పెంచుతుంది. బుడ్డి లాబ్‌లో వాటి కాండాల తొక్క ఒలిచి, ఎండబెట్టి, పొడి చేసి, ఆసిడ్‌లో వేసి, వాటిలో ఏం లోపముందో చెబుతుంది. ఇద్దరిదీ ఒకే పరిశోధన కేంద్రం, ఒకే ఇల్లు. వానొస్తే ఒకే గొడుగు కింద ఇంటికి వస్తారు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వాళ్ళిద్దరూ గట్టిగా పోట్లాడుకోలేదంటే చుట్టాలకు కడుపులో ఎలాగో ఉండేది.

బుడ్డి అసలు పేరు కాదు. పొట్టిగా ఉందని చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన పేరు. పెద్దయ్యాక కూడా పొడుగు రాలేదు కాబట్టి ఆ పేరు పోయే అవకాశమూ రాలేదు. లాబ్‌లో పై అరలో సీసా అందుకోవాలంటే స్టూలు ఎక్కాల్సిందే గానీ, పనిలో ఆమెకు వంక పెట్టిన మనిషి లేడు.

వాళ్ళు పని చేసేది నారగంజాయి మీద. పేరు వినగానే కళ్ళు పెద్దవి చేసుకోనక్కర్లేదు. అది గంజాయికి చుట్టమే గానీ మత్తు అంటని చుట్టం. దాని తొక్కలోంచి వచ్చే నారతో తాళ్ళు పేనుతారు, గుడ్డలు నేస్తారు. అన్నయ్య బస్సు డ్రైవరు. "మీ ఇంట్లో ఆడవాళ్ళిద్దరిదీ గంజాయి వ్యవహారమటగా" అని డిపోలో ఎవరైనా ఏడిపిస్తే, "అవును బాబూ, అయినా మా ఇంట్లో మత్తుగా పడి నిద్రపోయేది నేనొక్కణ్ణే" అనేవాడు. పొద్దుటి డ్యూటీ చేసి వచ్చి సాయంత్రం వంట చేసేది కూడా ఆయనే. భోజనాల బల్ల దగ్గర పెళ్ళామూ చెల్లెలూ లిగ్నిన్ గురించి మాట్లాడుకుంటూ కూర్చుంటే, "కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా కాస్త పరీక్ష చేసి చెప్పండి తల్లీ" అని రెండు చేతులూ జోడించేవాడు.

ఆ లిగ్నిన్ సంగతి ఇక్కడే చెప్పేసుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు. నారలో ముఖ్యంగా చూడాల్సినవి మూడు. దారానికి ఒళ్ళు సెల్యులోజు. దారాలను ఒకదానికొకటి అంటించి పెట్టే జిగురు పెక్టిన్. మూడోది లిగ్నిన్. కొయ్యను కొయ్యగా నిలబెట్టేది అదే. మొక్కకు అది కావాలి, లేకపోతే గాలికి నడుం విరుగుతుంది. కట్టుకునే గుడ్డకు మాత్రం వద్దు, ఉంటే ఒళ్ళంతా గీరుకుపోతుంది. గాలికి పడిపోని మొక్కా, ఒంటికి గుచ్చుకోని నారా ఒకే కాండంలో ఉండాలని వదిన పట్టుబట్టింది. తిక్క పట్టుదల అన్నారు కొందరు. ఆమె వినిపించుకోలేదు.

వదిన పని చేసే తీరు చూసి తీరాలి. మనిషెత్తుకు మించి పెరిగిన వరుసల్లోకి దూరి, ఒక్కో కాండాన్నీ పట్టి వంచి, వదిలి, అది ఎలా లేస్తుందో చూసేది. నచ్చినదాన్ని కోసి, అక్కడే నిలబడి తొక్క ఒలిచి, రెండు వేళ్ళ మధ్య నలిపి, చెంపకు రాసుకునేది. చెంపకు ఎందుకు వదినా అని బుడ్డి అడిగితే, "వేళ్ళు కాయలు కాచిపోయాయే, వాటి మాట నమ్మను" అంది. ఒక ఏడాది వడగళ్ళు పడి చేనంతా చాపలా పరుచుకుపోయింది. అందరూ అయ్యో అని ఇంటికి పోతే, వదిన మోకాళ్ళ లోతు బురదలో తిరిగి, ఇంకా నిలబడి ఉన్న నాలుగైదు మొక్కలను వెతికి పట్టుకుంది. ఆ మొక్కల సంతానమే తరాల తరబడి ఏరగా ఏరగా వచ్చిన ఇప్పటి రకం. ముద్దుగా దాన్ని 'మెతక' అనేది. ఆ చేను దాటి వెళ్ళిన ప్రతిసారీ, ఇలాంటి మనిషి తన ఇంట్లోనే దొరకడం తన అదృష్టమని బుడ్డి అనుకునేది. పైకి మాత్రం "మా వదినకి మొక్కల పిచ్చి" అనేది. ఆడపడుచు మర్యాద కూడా కాస్త నిలబెట్టుకోవాలి కదా.

ఆ ఏడాది మెతకకు ఆఖరి పరీక్ష. వేరేవాళ్ళు పెంచిన రకాలతో కలిపి లాబ్‌కు వస్తుంది. నారలో లిగ్నిన్ నాలుగు శాతం లోపు ఉంటే ఈ విత్తనం వచ్చే అదనుకు రైతుల చేతికి వెళుతుంది. దాటితే చేను ఇంకొకరికి ఇస్తారు, విత్తనాన్ని సీసాలో పోసి చలిగదిలో పెడతారు. చలిగదిలోకి వెళ్ళిన సీసా మళ్ళీ బయటికి రావడం ఆ కేంద్రంలో ఎవరూ చూడలేదు. ఇంకో అవకాశం ఉండదని వదినకు తెలుసు, బుడ్డికి అంతకంటే బాగా తెలుసు.

లాబ్ పెద్దను అందరూ పెద్దాయన అనేవారు. మాట కూడా తూచి తూచి వాడే మనిషి. కాండాల కట్టలు రాగానే పేర్లు తీసేసి, ఒక్కోదానికి ఒక్కో అక్షరం ఇచ్చేవాడు. ఏది ఎవరిదో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. వదినలూ ఆడపడుచులూ ఒకే గేటులోంచి పనికి వచ్చేచోట ఆ జాగ్రత్త అవసరమే. దాంతోపాటు ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పరీక్ష చేసే మనిషి, ఇది ఫలానావాళ్ళ కట్ట అని ఏ రకంగా గుర్తుపట్టినా వెంటనే చెప్పేయాలి. అప్పుడు ఆ కట్ట రెండో కెమిస్టు చేతికి వెళుతుంది.

ఆ రెండో కెమిస్టునే లాబ్‌లో తుఫాను అంటారు. మనసు వెన్న. నడక, మాట, పని మాత్రం అన్నీ పరుగే. ఆయన లెక్క తప్పిందని ఎవరూ ఎన్నడూ నిరూపించలేదు గానీ, ఆయన చేతిలో గాజు సామాను బతికి బట్టకట్టడం కష్టం. లాబ్‌లో రెండు ఓవెన్లకు పేర్లు పెట్టింది కూడా ఆయనే. నమూనాలను గోరువెచ్చగా, ఓపిగ్గా ఆరబెట్టే చిన్నదాని పేరు 'అమ్మ'. గాజు సామాను సెగలు కక్కేలా కాల్చే పెద్దదాని పేరు 'అత్త'. ఆయనకు పెళ్ళి కాకముందు పెట్టిన పేర్లే అయినా పెళ్ళయ్యాక మార్చలేదు.

బుడ్డి కట్టలన్నీ ముందేసుకుని తొక్క ఒలవడం మొదలుపెట్టింది. మొదటి కట్ట తొక్క ముక్కలు ముక్కలుగా తెగింది. రెండోది కొంచెం నయం. నాలుగో కట్టలో కాండం పట్టుకుని గోటితో గీటు పెట్టి లాగిందో లేదో, మొదలు నుంచి కొస దాకా ఒకే రిబ్బనులా తొక్క జర్రున వచ్చేసింది. ఇంట్లో భోజనాల బల్ల మీద వదిన పక్కన కూర్చుని ఎన్నోసార్లు ఒలిచిన తొక్క. మెతక. చెప్పాల్సిన పని లేకుండానే చెయ్యి గుర్తుపట్టేసింది.

బుడ్డి లేచి నిలబడింది. పెద్దాయన గది పది అడుగుల దూరంలో ఉంది. వెళ్ళి చెప్పేయడమే. సరిగ్గా అప్పుడే పక్క బల్ల దగ్గర ఏదో భళ్ళున పగిలింది. "ఏం లేదు ఏం లేదు, ఖాళీదే!" అని తుఫాను కేక వేశాడు. బుడ్డి మళ్ళీ కూర్చుంది. వదిన ఇన్నేళ్ళ కష్టాన్ని ఆ చేతుల్లో పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. గుర్తుపట్టనట్టే నాలుగో కట్టనూ తన వరుసలోనే ఉంచుకుంది.

తప్పు చేస్తున్నానని తెలిసిన మనిషి రెండు రకాలుగా చెడిపోతుంది. కొందరు ఇంకా సడలిపోతారు, కొందరు కర్రలా బిగుసుకుపోతారు. బుడ్డి రెండో రకం. వదినకు వెంట్రుకవాసి మేలు కూడా తన చేతి మీదుగా జరగకూడదని ఒట్టేసుకుంది. నమూనాలన్నీ అమ్మలో ఆరాక, మెతక తొక్క పట్టుకుని చూస్తే ఇంకా మెత్తగా వంగుతోంది. తడి మిగిలిందేమోనని అనుమానం వచ్చింది. తడి ఉంటే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే లిగ్నిన్ వంతు ఉన్నదానికంటే తక్కువ కనబడుతుంది. అంటే వదినకు లాభం. మామూలుగా అయితే చిటికెడు పొడి వేరే తీసి, దాన్ని అత్తలో కాల్చి, ఎంత తడి ఉందో లెక్క కట్టి, ఆ చిటికెడు పారేస్తారు. ఆ పూట బుడ్డికి లెక్క మీద నమ్మకం కలగలేదు. ఎవరూ వేలెత్తి చూపకూడదని మెతక తొక్క మొత్తాన్నీ తీసుకెళ్ళి అత్తలో పెట్టి ఇంటికి పోయింది. మిగతా రకాలు వేటినీ పెట్టలేదు.

తర్వాతి పనంతా పద్ధతిగానే నడిచింది. పొడి కొట్టింది. తొక్కకు అంటి ఉండే మైనం కడిగేసింది. చిక్కటి ఆసిడ్‌లో వేస్తే తీపి వర్గం అంతా, అంటే సెల్యులోజూ దాని చుట్టపక్కాలూ, కరిగిపోతాయి. కరగకుండా అడుగున మిగిలేదే లిగ్నిన్. దాన్ని వడగట్టి, ఆరబెట్టి తూచింది. మిగతా రకాలు కొన్ని నాలుగు దాటాయి, కొన్ని దాటలేదు. మెతక అయిదు దాటింది.

బుడ్డి తక్కెడ తుడిచి సరిచూసుకుంది. అదే పొడితో మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. ఇంకోసారి చేసింది. ఒక్క గింజ తేడా లేదు.

ఆ వారం ఇంట్లో ఆమెకు ముద్ద దిగలేదు. "ఏమే, కూర బాలేదా?" అని అన్నయ్య అడిగితే, "బాగానే ఉంది, ఆకలి లేదు" అంది. వదిన ఒక్కసారి తలెత్తి మరదలి మొహం చూసింది. ఆ మొహం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. వదిన మాత్రం ఏమీ అడగలేదు. నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపి, తన ముద్ద తాను తింది. ఆ జరపడంలో ఉన్న నిబ్బరం చూసి బుడ్డికి ఏడుపొచ్చినంత పనైంది.

ఎవరి ఆస్తి పంపకాల లెక్కో చూస్తున్నంత పట్టుదలతో బుడ్డి అంకెలన్నీ ముందేసుకుని కూర్చుంది. సెల్యులోజు ఉండాల్సినంత ఉంది. కానీ మిగతా తీపి పదార్థాలు, జిగురు కలిపి చూస్తే కొంత తగ్గింది. ఎక్కడికి పోయినట్టు? తగ్గింది ఎంతో, లిగ్నిన్ పెరిగింది కూడా ఇంచుమించు అంతే. ఒకరింట్లో పోయిన చెంబు పక్కింట్లో కనబడితే ఏమనుకుంటాం? బుడ్డి అడుగున మిగిలిన పదార్థాన్ని వెలుతురులో పెట్టి చూసింది. మిగతా రకాలవి లేత గోధుమ రంగులో ఉన్నాయి. మెతకది ముదురుగా, మాడిన చక్కెర రంగులో ఉంది. అత్త వేడికి తొక్కలోని తీపీ జిగురూ మాడి, ఆసిడ్‌కు కరగని గట్టి పదార్థంగా మారి, లిగ్నిన్ వేషం వేసుకుని కూర్చున్నాయి. తాను తూచింది కొయ్యను కాదు, తన భయం మాడ్చిన మాడును.

ముందు సంతోషం వేసింది. ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. ఇది చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. కట్ట గుర్తుపట్టానని, గుర్తుపట్టి దాచానని చెప్పాలి. వదిన రకం తప్పాక ఆడపడుచు వచ్చి "అబ్బే, పరీక్షే తప్పు" అంటే ఎవరు నమ్ముతారు? తన మాట పోతే పోనీ, వదిన మాట కూడా పోతుంది. ఇద్దరూ కూడబలుక్కున్నారంటారు.

ఆలోచించి ఆలోచించి చేను వైపు వెళ్ళింది. వదిన వరుసల మధ్య నిలబడి ఓ కాండాన్ని వంచి చూస్తోంది.

"వదినా, నీతో ఒక మాట చెప్పాలి."

"ఇంటి సంగతా, లాబ్ సంగతా?"

"లాబ్‌ది."

"అయితే నాకొద్దు." వదిన కాండాన్ని వదిలేసింది. అది ఊగి నిలబడింది. "అక్షరాలు విప్పేదాకా నువ్వు మంచి మాట చెప్పినా నేను వినకూడదు, చెడ్డ మాట చెప్పినా వినకూడదు. ఏదైనా ఉంటే పెద్దాయనకి చెప్పు."

"ఆయనకి చెబితే నీకే నష్టమేమో వదినా."

"అయితే ఇంకా తొందరగా వెళ్ళి చెప్పు" అని మళ్ళీ పనిలో పడింది.

పెద్దాయన అంతా విన్నాడు. అంతా అయ్యాక కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"గుర్తుపట్టినప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"నేను గుర్తుపట్టలేదు సార్. చెయ్యి గుర్తుపట్టింది."

"చేతికి నోరు లేదు. నీకుంది కదా."

బుడ్డి తల దించుకుంది.

"నువ్వు చెప్పే కెమిస్ట్రీ సరైనదే కావచ్చు" అన్నాడు పెద్దాయన. "కానీ ఇప్పుడు నీ మాటతో ఏ అంకెనూ మార్చను. స్టోర్‌లో ప్రతి కట్టలోనూ సగం దాచి ఉంచాం. ఆ సగం తుఫాను చేస్తాడు. ఒక్కసారే. నువ్వు ఆ గదిలో అడుగు పెట్టకూడదు. మళ్ళీ అయిదొస్తే మీ వదిన రకం చలిగదికే. ఇదంతా రేపు అందరి ముందూ నువ్వే చెప్పాలి."

చెప్పింది. మిగతా రకాలవాళ్ళ ముందు, తుఫాను ముందు, వదిన ముందు నిలబడి మొదటి నుంచీ చెప్పింది. తుఫాను చేతులంటే భయపడ్డానని కూడా దాచకుండా చెప్పింది. ఆయన మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. ఆ వెంటనే, "న్యాయమే, నా చేతులంటే నాకే భయం" అని నవ్వేశాడు. వెనక వరుసలో ఎవరో "వదినా ఆడపడుచుల సీరియలు" అని గొణిగారు. వదిన అటు తిరిగి చూడలేదు, ఇటు బుడ్డి వైపూ చూడలేదు. అదే బుడ్డికి కత్తిపోటులా తగిలింది.

తుఫాను పరీక్ష మొదలుపెట్టిన రోజున బుడ్డి వరండాలో బెంచీ మీద కూర్చుంది. లోపల్నుంచి కుర్చీ జరిగిన చప్పుడు, సొరుగు లాగిన చప్పుడు, పరుగెడుతున్న అడుగుల చప్పుడు. కాసేపటికి వదిన వచ్చి పక్కన కూర్చుంది. చెప్పులకు చేను మట్టి అంటుకుని ఉంది.

"తిట్టు వదినా. ఊరుకుంటే తట్టుకోలేకపోతున్నా."

"ఓవెన్ గురించి తిట్టను" అంది వదిన. "చేతులతో పని చేసేవాళ్ళకి తప్పులు జరుగుతాయి. నాకు కోపం వచ్చింది వేరేదానికి."

"గుర్తుపట్టి చెప్పనందుకేగా?"

"చెప్పకపోవడానికి కారణం చెప్పావు చూడు, దానికి. తుఫాను చేతిలో పెట్టడానికి మనసొప్పలేదన్నావు. నా మొక్క గురించి నువ్వు అనుకున్నది అంతేనా? వడగళ్ళలో నిలబడ్డదాన్నే ఏరి పట్టుకున్నాను నేను. గాలికి వదిలాను, నీళ్ళు లేకుండా మాడ్చాను. రేపు దీన్ని పండించేవాళ్ళందరూ నీలా పద్ధతిగా ఉంటారా? సగం మంది తుఫానులే. వాళ్ళ చేతుల్లో కూడా బాగా రావాలనే కదే ఇన్నేళ్ళు చచ్చింది! నీ చేతిలో మాత్రమే బతికేదైతే అది నాకెందుకు?"

వదిన గొంతు పెంచడం బుడ్డి వినడం అదే మొదలు. ప్రేమ కొద్దీ చేశానని చెప్పబోయి, ఆ ప్రేమలో నమ్మకం పాలు ఎంత తక్కువో తలచుకుని సిగ్గుపడింది. తాను మెతకను కాపాడాలనుకుంది. వదిన దాన్ని ఎవరూ కాపాడనక్కర్లేకుండా పెంచింది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఈ మనిషిని తాను సగమే చూశానని బుడ్డికి ఆ బెంచీ మీద తెలిసింది.

లోపల భళ్ళుమంది.

ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. తలుపు తీసుకుని తుఫాను మొహం బయటికి వచ్చింది. "ఏం లేదు ఏం లేదు! నా టీ గ్లాసు!" అని మళ్ళీ లోపలికి పోయింది. వదిన బుడ్డి మొహం చూసి ఆపుకోలేక నవ్వింది. బుడ్డికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అక్షరాలు విప్పిన రోజున పెద్దాయన అంకెలు చదివాడు. తుఫాను చేతిలో, అమ్మలో మాత్రమే ఆరిన మెతక నారలో లిగ్నిన్ మూడున్నర శాతం దాటలేదు. వచ్చిన రకాలన్నిట్లోకీ అదే తక్కువ. అందరికంటే ముందు, వెనక వరుసలో గొణిగిన మనిషే చప్పట్లు కొట్టాడు. తుఫాను తానే కన్నట్టు పొంగిపోయాడు. బుడ్డి కళ్ళు తుడుచుకుంది.

"వచ్చే అదనుకు విత్తనం ఇచ్చేయొచ్చు" అని పెద్దాయన కాగితాలు సర్దబోయాడు. "ఆ అయిదు దాటిన అంకె తప్పు పరీక్షది కాబట్టి కొట్టేస్తున్నాను."

"కొట్టేయొద్దు సార్" అంది వదిన.

పెద్దాయన తలెత్తాడు.

"పరీక్ష తప్పే. కానీ మొక్క అబద్ధం చెప్పలేదు కదా. వేడి తగిలితే దీని తొక్క గట్టిపడుతుందని చెప్పింది. నార మిల్లుల్లో తొక్కని దేనిలో ఆరబెడతారు సార్? మన అత్త కంటే వేడి యంత్రాల్లో. అక్కడికి వెళ్ళాక మెతక బిరుసెక్కితే పండించినవాళ్ళ గతేంటి? రకాలన్నిటినీ అత్తలో కూడా పెట్టి చూడాలి. నాది మాత్రమే ఇలా చేస్తుందా, అన్నీ చేస్తాయా తేలాలి."

"అవన్నీ తేలి సంచులు కట్టేసరికి వచ్చే అదను దాటిపోతుందమ్మా. ఇంకో ఏడాది ఆగాలి."

"తెలుసు సార్."

"ఇప్పుడు పాసైంది కదా! ఎవరూ అడగలేదు కదా!" అని తుఫాను ఆగలేక అరిచేశాడు.

"నేనడుగుతున్నాగా" అంది వదిన. ఆ తర్వాత బుడ్డి వైపు చెయ్యి చూపించి, "ఈసారి అక్షరాలు అక్కర్లేదు. ఏది నాదో అందరికీ తెలిసేలా పేరు రాసే పెట్టండి. బుడ్డే చెయ్యాలి" అంది.

బుడ్డి చేసింది. గుర్తుపట్టినా, గుర్తుపట్టకపోయినా తేడా లేనంత స్థిమితంగా చేసింది. అన్ని రకాలనూ ఒకే పళ్ళెంలో పక్కపక్కనే పెట్టి అత్తలోకి తోసింది. ఒకే గంటకు తీసింది. ఈసారి వదినకు మేలు జరగకూడదనీ అనుకోలేదు, కీడు జరగకూడదనీ అనుకోలేదు. అలా అనుకోకుండా పని చేయడం ఎంత హాయిగా ఉంటుందో ఆమె మర్చిపోయిన మాట నిజం. తూకం పూర్తయ్యాక ఆ అంకెలు పెద్దాయనకు చూపించి, చేను గట్టుకు వెళ్ళింది.

వదిన గట్టు మీద గోనెపట్టా పరిచి విత్తనాలు చెరుగుతోంది. "ఎంత?" అంది, తలెత్తకుండానే.

"అన్నీ పెరిగాయి వదినా. మెతక అయిదు పైన."

"మిగతావాటికంటే?"

మెత్తగా చెప్పడానికి దారులుంటాయి. ఒక దారి నోటిదాకా వచ్చింది కూడా. బుడ్డి దాన్ని మింగేసింది.

"అన్నిటికంటే ఎక్కువ మాడింది. దాంట్లో జిగురు ఎక్కువ. అమ్మలోనో నీడలోనో ఆరితే దాన్ని మించింది లేదు, వేడి తగిలితే దానికంటే మొరటుది లేదు."

వదిన చేట ఆగింది. కాసేపు చేను వైపు చూస్తూ కూర్చుంది. ఆ మొహంలో బాధ దాచుకోలేదు. చెయ్యి చాచి బుడ్డిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"సరిగ్గా చెప్పావు. విత్తనం సంచి మీద ఇదే రాయిద్దాం. వేడి యంత్రంలో ఆరబెట్టొద్దు, నీడలో ఆరబెట్టండి అని."

"కింద చిన్నగా వేస్తే సరిపోతుందని పెద్దాయన అన్నారు."

"కింద కాదు, పైన. పేరు కంటే పెద్దగా."

"ఇన్నేళ్ళు పెంచి, దాని లోపాన్ని దాని నెత్తి మీదే రాయిస్తావా వదినా? నీకేం అనిపించడం లేదా?"

"ఎందుకనిపించదే, కడుపు తరుక్కుపోతోంది" అంది వదిన. విత్తనాలు గుప్పెడు తీసుకుని బుడ్డి అరచేతిలో పోసింది. "కానీ ఎక్కడో ఒకామె ఈ సంచి విప్పేముందు ఆ ముక్క చదువుతుంది. చదివి, నీడలో ఆరేసుకుంటుంది. ఆమెకి నేనెవరో తెలీదు, నువ్వెవరో తెలీదు. అయినా నార మెత్తగా వస్తుంది."